సాయంత్రం ఆరు తర్వాత ఏం చేస్తాం?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా పిల్లలు ఊర్ల పేర్లు చెప్పడం మొదలుపెడతారు. నేను మాత్రం ఒకటే అడుగుతాను: "అక్కడ సాయంత్రం ఆరు తర్వాత ఏం చేస్తాం?" ఎందుకంటారా?

మా వారు తాగుడు మానేసి ఎనిమిది నెలలైనప్పుడు, మనసుకు మార్పుగా ఉంటుందని గోవా వెళ్ళాం. పగలంతా పిల్లలతో సముద్రంలో ఆడుకున్నారు. సాయంత్రం పిల్లలు టీవీ ముందు, నేను తడిబట్టలతో. ఆయనకేమీ పని లేదు. మెట్లు దిగితే ఎదురుగా బారు. "కాస్త గాలికి తిరిగొస్తా" అని వెళ్ళిన మనిషి పదింటికి వచ్చారు. నేనేమీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మర్నాడే షోలాపూర్ వచ్చేశాం. ఎనిమిది నెలల లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలైంది.

తర్వాత నెమ్మదిగా ఇద్దరం మాట్లాడుకున్నాం. ఖాళీ సాయంత్రం, చేతికందేంత దూరంలో మందు, ఈ రెండూ కలవకుండా చూసుకోవాలని అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు సోమనాథ్ వెళ్ళాం. ముంబై బాంద్రా టెర్మినస్‌లో ఎక్కితే వెరావల్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి ఆటోలో కాసేపే. 1960లో ఏర్పడిన నాటి నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. అంటే అసలు దొరకదని కాదు. బయటి రాష్ట్రాల వారికి పర్మిట్లిచ్చే పద్ధతీ ఉంది. కాని వెతుక్కుంటూ పోవాలి. ఆ వెతికే వ్యవధిలోనే మనిషి ఆగి ఆలోచించుకోగలడు.

దేవస్థానం వారి వసతి గృహంలో దిగాం. సాయంత్రం ఏడింటికి హారతి, ఆ తర్వాత ఆవరణలో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన, భోజనం, నిద్ర. పొద్దున్న ఏడింటికి మళ్ళీ హారతి. రోజు గడిచినట్టే తెలియలేదు.

మూడో రోజు కారు డ్రైవరు, "డయ్యూ దగ్గరే సాబ్, అక్కడ అన్నీ దొరుకుతాయి" అన్నాడు. డయ్యూ కేంద్రపాలిత ప్రాంతం, అక్కడ నిషేధం లేదు. పిల్లలు కోట చూద్దామని గంతులేశారు. నా గుండె ఆగినంత పనైంది. మా వారే నా వైపు తిరిగి, "మనసు లాగుతోంది. అందుకే వద్దంటున్నాను" అన్నారు. సాసణ్ గిర్ వెళ్ళి, దేవళియా పార్కులో బస్సెక్కి సింహాలను చూసి వచ్చాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రయత్నం జరుగుతుంటే నాకు తెలిసింది చెబుతాను. తిరుమల కొండ మీద మద్యానికి చోటు లేదు. వార్ధా దగ్గర సేవాగ్రామ్ ఆశ్రమంలో సాయంత్రం ప్రార్థన ఉంటుంది. ఆ జిల్లాలోనూ నిషేధమే. ఎక్కడికి వెళ్ళినా బారు లేని బస చూసుకోండి. గదిలోని ఫ్రిజ్‌లో సీసాలుంటే ముందే తీయించేయండి. సాయంత్రం టీ, ఫలహారం వేళ తప్పనీయకండి. తోడు వచ్చే బంధువులకు విషయం ముందే చెప్పండి. రోజూ తాగే అలవాటున్నవారు మాత్రం ప్రయాణం కోసమని ఒక్కసారిగా ఆపకూడదు. వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు సలహా తీసుకోవాలి.

మొన్న సెలవుల మాట వచ్చినప్పుడు నేను నోరు తెరవకముందే మా వారు అడిగారు: "అక్కడ సాయంత్రాలు ఎలా గడుస్తాయో కనుక్కున్నావా?"