విద్యుత్ స్కూటరు - నిత్య సంరక్షణ

పాఠ్యాంశ పరిచయం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వీథుల్లో చప్పుడు చేయకుండా సాగిపోయే విద్యుత్ స్కూటర్లు నేడు సర్వసాధారణ దృశ్యం. కళాశాలకు వచ్చే విద్యార్థుల్లోనూ పలువురు వీటిని వాడుతున్నారు. ఈ వాహనం పనిచేసే తీరును, దాని సంరక్షణలో పాటించవలసిన నియమాలను, వాటి వెనుక ఉన్న కారణాలను ఈ పాఠం వివరిస్తుంది.

1. ఉపోద్ఘాతం

వాహనాన్ని పోషించడం మానవుడికి కొత్త విద్య కాదు. గుర్రమే శీఘ్రవాహనంగా ఉన్న కాలంలో దాని లక్షణాలను, పోషణను వివరించే శాస్త్రం మన దేశంలో వర్ధిల్లింది. తెలుగులో మనుమంచి భట్టు రచించిన 'హయలక్షణ విలాసము' ఆ కోవకు చెందిన గ్రంథమే. అజ్ఞాతవాస కాలంలో నకులుడు విరాటరాజు కొలువులో అశ్వపాలకుడుగా చేరాడు. రాజకుమారుడై ఉండి కూడా గుర్రాలను సాకడం తన గౌరవానికి తక్కువని అతడు భావించలేదు. పల్లెటూరి రైతు సైతం బండి ఇరుసుకు కందెన వేసిన తరువాతనే దూరప్రయాణానికి పూనుకొనేవాడు.

అయితే ఆ వాహనాలన్నీ తమ బాధను ఏదో ఒక విధంగా తెలియజేసేవి. గుర్రం మేత మానేది. కందెన ఆరిన ఇరుసు కిర్రుమనేది. పెట్రోలు స్కూటరు కూడా ఇంజను చప్పుడు మారిందంటే ఏదో లోపం ఉన్నదని చెప్పేది; పొగ రంగు మారినా మెకానిక్కు గ్రహించేవాడు. విద్యుత్ స్కూటరు అలా కాదు. దానిలో పెట్రోలును మండించే ఇంజను లేదు, పొగ లేదు, చప్పుడు దాదాపు లేదు. అందువల్ల దానిలోని లోపాలు తొలిదశలో చాలావరకు బయటికి వినిపించవు. అది చెప్పేదాకా ఆగక మనమే ముందుగా పరిశీలించాలి. ఈ వాహన సంరక్షణకు ఇదే మూలసూత్రం.

2. మన ప్రాంతం - విద్యుత్ స్కూటరు

విద్యుత్ స్కూటర్ల తయారీ మన ప్రాంతానికి దూరాన ఎక్కడో జరుగుతున్నది కాదు. కుప్పానికి పొరుగున ఉన్న తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా నేడు ఈ పరిశ్రమకు ఒక ముఖ్యకేంద్రం. ఆ జిల్లాలోని హోసూరులో టీవీఎస్, ఏథర్ సంస్థల కర్మాగారాలు, పోచంపల్లిలో ఓలా సంస్థ కర్మాగారం ఉన్నాయి. అక్కడ తయారైన వాహనం సరిహద్దు దాటి మన ఇంటి ముంగిటికి వచ్చిన తరువాత దాని ఆయుర్దాయం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది.

వాహనం వాడేవారికి మొదట దాని శక్తిని లెక్కవేయడం తెలియాలి. ఉదాహరణకు 3 యూనిట్ల సామర్థ్యం గల బ్యాటరీతో నడిచే స్కూటరును తీసుకొందాం. అది కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్ల శక్తిని వినియోగిస్తుందనుకొంటే, నిండు చార్జితో 100 కిలోమీటర్లు వెళ్తుంది. పుంగనూరు నుంచి మదనపల్లెలోని కళాశాలకు వచ్చే ఒక విద్యార్థిని రానుపోను ఇంచుమించు 40 కిలోమీటర్లు ప్రయాణిస్తుందని ఊహిద్దాం. ఆమెకు రోజూ ఖర్చయ్యేది 1.2 యూనిట్లు మాత్రమే. అనగా 80 శాతం చార్జితో బయలుదేరితే ఇంటికి చేరేసరికి ఇంకా 40 శాతం మిగిలి ఉంటుంది. అదే మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వెళ్లవలసివస్తే దూరం నూరు కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు నిండు చార్జితో బయలుదేరడమే గాక దారిలో మరల చార్జింగు చేసుకొనే చోటును ముందే చూసుకోవాలి.

3. బ్యాటరీ స్వభావం

విద్యుత్ స్కూటరుకు బ్యాటరీయే ప్రాణం. వాహనం ధరలో అతిపెద్ద వాటా కూడా దానిదే. ఇందులో వాడే లిథియం అయాన్ బ్యాటరీ 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ ద్వారా తొలిసారిగా విపణిలోకి వచ్చింది. దీని వికాసానికి మూలమైన పరిశోధనలు చేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఒక పెట్టెలో అనేక చిన్న ఘటాలను వరుసగా కూర్చి ఈ బ్యాటరీని తయారుచేస్తారు. చార్జింగు జరిగేటప్పుడు లిథియం అయాన్లు ఘటంలోని ఒక ధ్రువం నుంచి రెండో ధ్రువానికి చేరి అక్కడ నిలువ ఉంటాయి. వాహనం నడిచేటప్పుడు తిరిగి వెనుకకు వస్తాయి. ఈ రాకపోకలు సక్రమంగా సాగుతున్నాయో లేదో కనిపెట్టి, అవసరమైతే విద్యుత్ ప్రవాహాన్ని నిలిపివేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఒకటి బ్యాటరీలోనే ఉంటుంది. దానిని బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు.

బ్యాటరీకి ప్రధాన శత్రువు వేడి. వేడి పెరిగినకొద్దీ ఘటాల్లో అవాంఛిత రసాయన చర్యలు వేగం పుంజుకొని దాని శక్తి క్రమంగా క్షీణిస్తుంది. ఎల్లప్పుడూ నూరు శాతం చార్జితో నిలిపి ఉంచినా, పూర్తిగా సున్నాకు దిగజార్చి రోజుల తరబడి వదిలివేసినా దానికి హాని కలుగుతుంది. మితాహారం మనిషికి ఎట్లా ఆరోగ్యమో, మితమైన చార్జింగు బ్యాటరీకి అట్లా ఆరోగ్యం.

4. చార్జింగు నియమాలు

చార్జింగు విషయంలో ఈ కింది నియమాలను పాటించాలి.

(అ) ఎండలో తిరిగి వచ్చిన వెంటనే చార్జింగు పెట్టరాదు. వాహనాన్ని నీడలో నిలిపి, బ్యాటరీ చల్లబడేందుకు కనీసం అరగంట వ్యవధి ఇవ్వాలి.

(ఆ) నిత్యం తిరిగే కొద్దిదూరానికి 80 శాతం వరకు చార్జి చేస్తే చాలు. చార్జి 20 శాతానికి తగ్గకముందే మరల పెట్టడం మంచిది. అయితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలను అప్పుడప్పుడు నూరు శాతం నింపవలసిందిగా తయారీదారులు సూచిస్తుంటారు. కనుక మన వాహనంలో ఉన్నది ఏ రకమో దానితోపాటు ఇచ్చే కరపుస్తకంలో చూసి తెలుసుకోవాలి.

(ఇ) వాహనంతో ఇచ్చిన చార్జరునే వాడాలి. ప్లగ్గు బిగుతుగా కూర్చునే, ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్టును ఎంచుకోవాలి. ఫ్యాన్లకు, సెల్‌ఫోన్లకు వాడే సన్నని తీగల ఎక్స్‌టెన్షన్ బాక్సులు పనికిరావు. చార్జింగు మధ్యలో ప్లగ్గు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే స్విచ్చి ఆపి ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

(ఈ) వేసవి సెలవుల్లో వాహనాన్ని కొన్ని వారాలపాటు వాడనప్పుడు బ్యాటరీని సుమారు సగం చార్జితో చల్లని చోట ఉంచాలి. నెలకొకసారి పరిశీలించి, తగ్గితే కొంత చార్జి చేయాలి.

5. అజాగ్రత్త - అనర్థం

ఈ నియమాలు కేవలం బ్యాటరీ ఆయుస్సు కోసమే కాదు, మనుషుల ప్రాణాల కోసం కూడా. 2022 మార్చిలో తమిళనాడులోని వేలూరులో, రాత్రివేళ ఇంటి వద్ద చార్జింగులో ఉన్న స్కూటరు అంటుకొని, ఆ పొగకు ఊపిరాడక తండ్రీకూతుళ్లు మరణించారు. మరుసటి నెలలో నిజామాబాద్‌లోను, విజయవాడలోను, ఇంటి లోపల చార్జింగుకు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణనష్టం జరిగింది. ఈ దుర్ఘటనల అనంతరం కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినతరం చేసింది. సవరించిన ప్రమాణాలు 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమలులోకి వచ్చాయి.

ప్రమాణాలు తయారీదారు బాధ్యతను నిర్ణయిస్తాయి. ఇంట్లో పాటించవలసిన జాగ్రత్త మాత్రం మనదే. పడకగదిలో గాని, మేడమెట్ల కింద గాని, ఇంటి నుంచి బయటపడే ఏకైక ద్వారానికి అడ్డంగా గాని చార్జింగు పెట్టరాదు. అందరూ నిద్రించే వేళ కంటే మెలకువగా ఉండే సాయంకాలమే చార్జింగుకు అనుకూలం. కిందపడి దెబ్బతిన్న, ఉబ్బిన, వింతవాసన వచ్చే బ్యాటరీని తాకడం, విప్పడం, చార్జి చేయడం తగదు. బ్యాటరీ నుంచి పొగ వెలువడితే దానిని ఆర్పే సాహసం చేయక, ఇంట్లోవారందరినీ వెంటనే బయటకు తరలించి 101 గాని 112 గాని నంబరుకు ఫోన్ చేయాలి. ఆ పొగ విషపూరితం. పైకి చల్లారినట్లు కనిపించిన బ్యాటరీ కూడా లోపలి వేడివల్ల మరల అంటుకొనే అవకాశం ఉంది.

6. టైర్లు, బ్రేకులు

ఇంజను లేదు కాబట్టి ఇంజను ఆయిల్ మార్చే పని లేదు. ఆ కారణంగా ఈ వాహనానికి సర్వీసింగే అక్కరలేదని కొందరు పొరబడుతుంటారు. చక్రాలు, బ్రేకులు, సస్పెన్షన్, బేరింగులు అన్ని స్కూటర్లకూ ఉన్నట్లే దీనికీ ఉన్నాయి.

టైర్లలో గాలిని వారానికొకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. గాలి తగ్గితే చక్రం భారంగా దొర్లుతుంది. ఆ భారం బ్యాటరీ మీద పడి ప్రయాణదూరం తగ్గుతుంది. 'బ్యాటరీ పాడైంది' అని సర్వీసు కేంద్రానికి పరుగెత్తే ముందు గాలి చూసుకోవడం వివేకం.

అనేక విద్యుత్ స్కూటర్లలో వేగం తగ్గించినప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. దీనివల్ల బ్రేకు ప్యాడ్లు తక్కువగా అరుగుతాయి. కాని అరుగుదల తక్కువని పరిశీలన మానరాదు. బ్రేకు లివరు ఎంతవరకు లోపలికి వస్తున్నదో ప్రతి ఉదయం బయలుదేరేముందు ఒకసారి నొక్కి చూడాలి. హైడ్రాలిక్ బ్రేకులున్న వాహనాల్లో బ్రేకు ఆయిల్‌ను నిర్ణీత కాలానికి మార్పించాలి. మోటారు నుంచి చక్రానికి బెల్టు ద్వారా శక్తి అందే వాహనమైతే బెల్టు బిగుతును, చైను ద్వారా అందేదైతే దాని బిగుతును, కందెనను చూడాలి.

ఇక్కడ హార్స్‌లీ కొండల ప్రయాణాన్ని ఉదాహరణగా చెప్పుకోవచ్చు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులోను, హార్స్‌లీ కొండలు సుమారు 1265 మీటర్ల ఎత్తులోను ఉన్నాయి. ఇద్దరు మనుషులతో కలిపి 240 కిలోల బరువు గల వాహనం ఆ ఎత్తుకు చేరడానికే, దారిలో అయ్యే మామూలు ఖర్చు గాక, యూనిట్‌లో మూడోవంతుకు పైగా శక్తి కావాలి. దిగేటప్పుడు అందులో కొంత తిరిగి లభిస్తుంది. కాని కొండపైన బ్యాటరీని నిండుగా చార్జి చేసి దిగడం ప్రారంభిస్తే, తిరిగి వచ్చే శక్తిని నింపుకొనే చోటు బ్యాటరీలో ఉండదు. అప్పుడు మోటారు వేగాన్ని నిరోధించడం తగ్గి, భారమంతా మామూలు బ్రేకుల మీదనే పడుతుంది. ఈ సంగతి తెలియనివారు మలుపుల వద్ద తడబడతారు.

7. నీరు, శుభ్రత

బ్యాటరీ పెట్టెపై 'ఐపీ 67' అని ఉంటే, మీటరు లోతు నీటిలో అరగంటపాటు ఉంచినా లోనికి నీరు చేరదని పరీక్షలో తేలిందని అర్థం. ఇది కొత్త బ్యాటరీపై నిశ్చలమైన నీటిలో జరిపే పరీక్ష. వాన నీరు పారే వాగును దాటడానికి గాని, వాటర్ సర్వీసింగ్ గొట్టం నుంచి వేగంగా వచ్చే ధారకు గాని అది అనుమతిపత్రం కాదు. కొంతకాలానికి రబ్బరు సీళ్లు గట్టిపడి బలహీనమవుతాయి కూడా. కనుక స్కూటరును తడిగుడ్డతో తుడవడమే ఉత్తమం. చార్జింగు జరుగుతుండగా కడగరాదు. చార్జింగు ద్వారంపై మూత ఎల్లప్పుడూ మూసి ఉంచాలి. అది తడిసి ఉంటే పూర్తిగా ఆరిన తరువాతనే ప్లగ్గు పెట్టాలి.

8. కాలక్రమ సంరక్షణ

ప్రతిదినం: బ్రేకులు, లైట్లు, హారను, చార్జి శాతం, తెరపై హెచ్చరిక గుర్తులు.

ప్రతివారం: టైర్లలో గాలి, టైర్లలో గుచ్చుకొన్న మేకులు, చార్జరు తీగ, ప్లగ్గు పరిస్థితి.

ప్రతినెల: నట్లు, బోల్టుల బిగుతు, బెల్టు లేదా చైను, స్టాండు, టైర్ల అరుగుదల.

కరపుస్తకంలో చెప్పిన గడువుకు: సర్వీసింగు, సాఫ్ట్‌వేర్ నవీకరణ, లైట్లకు, హారనుకు విడిగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటే దాని పరీక్ష.

ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, తిరిగిన దూరం, వాడిన చార్జి శాతం రాసుకొనే అలవాటు చేసుకోవాలి. నిరుడు 40 కిలోమీటర్లకు 40 శాతం ఖర్చైన చోట నేడు 50 శాతం ఖర్చవుతుంటే ఎక్కడో లోపం ఉన్నదని ఆ పుస్తకమే చెబుతుంది. మూగ వాహనానికి అది మనం కల్పించిన నోరు.

9. ముగింపు

పనికిరాని బ్యాటరీని పాత సామాన్ల వానికి అమ్మరాదు, చెత్తకుప్పలో పడవేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాటిని సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. కనుక దానిని విక్రేతకు గాని అధీకృత సేకరణ కేంద్రానికి గాని అప్పగించాలి.

పొట్టిజాతి ఆవులకు పేరుపొందిన పుంగనూరు ప్రాంతంలో నోరులేని జీవాల ఆకలిదప్పులను వాటి కళ్లలో చూసి గుర్తించే పెద్దలు ఎందరో ఉన్నారు. పశువు అడగకముందే నీళ్లు పెట్టడం వారి సంస్కారం. స్కూటరుకు ప్రాణం లేకపోవచ్చు. కాని దానిపై ప్రయాణించేవారికి, అది నిలిచి ఉన్న ఇంట్లో నిద్రించేవారికి ప్రాణాలున్నాయి. ఉదయం బయలుదేరే ముందు వెచ్చించే రెండు నిమిషాల పరిశీలన వారందరి క్షేమానికి మనం చేసే సేవ.

అభ్యాసం

1. విద్యుత్ స్కూటరును 'మూగ వాహనం' అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. బ్యాటరీ చార్జింగులో పాటించవలసిన నియమాలను కారణాలతో రాయండి.
3. నిండు చార్జితో కొండ దిగేటప్పుడు అదనపు జాగ్రత్త ఎందుకు అవసరం?
4. మీ ఇంట్లో గాని, మీ వీథిలో గాని ఉన్న ఒక విద్యుత్ స్కూటరును చార్జి చేసే స్థలాన్ని పరిశీలించి, అక్కడి లోపాలను, చేయదగిన మార్పులను పది వాక్యాల్లో రాయండి.