మూలనున్న జనరేటరు – దాని సంరక్షణము

కరెంటు కోతలు ప్రబలియున్న 2012–13 సంవత్సరములలో హైదరాబాదున అంగళ్ల ముంగిట జనరేటర్ల మ్రోత నిత్యమై యుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము నానుకొనియున్న తార్నాకయు నిందుకు మినహాయింపు కాదు. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున పంపుసెట్లకు 24 గంటల విద్యుత్తు ఆరంభమైన పిదప, పల్లెలలోను వీనితో పని తగ్గినది. అయినను గాలివానకు స్తంభములు కూలి, నారుమడి యెండువేళ వీనినే వెదకుదుము. నాడు యంత్రము కదలకున్నచో, మూలనుంచిన దినమున మనము చూపిన అశ్రద్ధయే తరచుగా కారణము. సెలవులలో మూతపడు కళాశాలకును, పంట తీసిన చేనికిని ఈ విషయమున భేదము లేదు.

కీడు ముఖ్యముగా ఇంధనమునుండి పుట్టును. నిలువయున్న పెట్రోలులో తేలిక భాగము ఆవిరికాగా, మిగిలినది జిగురై కార్బురేటరు సన్నరంధ్రములను పూడ్చును. చెరకు, మొక్కజొన్న, బియ్యములనుండి తీయు ఎథనాలు 2025 నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్లకు చేరినది. ఇది మన పంటకు గిరాకి తెచ్చినదే గాని, తేమను పీల్చుకొను గుణము దానికి గలదు. తేమ మితిమీరినచో ఎథనాలు నీటితో కలిసి ట్యాంకు అడుగునకు దిగి, లోహమును తినును.

కావున నెలకు మించి పని లేదని తోచినచో, పెట్రోలును ఆరుబయట డబ్బాలోనికి తీసి, వెంటనే వేరు బండికి వాడుకొనవలెను. పిదప ఇంజను తనంత తాను ఆగువరకు నడిపి, కార్బురేటరులో మిగిలినదానిని దించవలెను. ఇంజను వెచ్చగా నుండగనే పాత ఆయిలు మార్చవలెను. చల్లారిన పిదప ప్లగ్గు తీసి, చెంచాడు ఇంజను ఆయిలు పోసి, త్రాడును మెల్లగా రెండుమార్లు లాగి, ప్లగ్గు బిగింపవలెను. డీజిలు యంత్రమునకు మాత్రము ట్యాంకు నిండుగా నుంచుట మేలు. ఖాళీ జాగాలో తేమ నీరై దిగును. బ్యాటరీ తీగలు విప్పి, నెలకొకమారు చార్జి చేయవలెను.

ఎలుకలు దూరకుండ సైలెన్సరు మూతిని గుడ్డతో కట్టి, ఆ సంగతి చీటీపై వ్రాసి త్రాడుకు వ్రేలాడదీయుడు. ప్లాస్టికు చుట్టక, గాలియాడు గుడ్డ కప్పుడు. గడ్డివామికిని, ఎరువుల బస్తాలకును, వంటపొయ్యికిని దూరముగా, ఎత్తైన పొడిచోట నుంచుడు.

తిరిగి నడుపునాడు క్రొత్త ఇంధనము పోసి, గుడ్డ విప్పి, ఆరుబయటనే నడుపవలెను. గదిలోగాని వసారాలోగాని నడిపినచో, రంగును వాసనయు లేని కార్బను మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీయును. చేంజోవరు స్విచ్చి లేక ఇంటి తీగలకు కలిపినచో కరెంటు లైనులోనికి ఎదురుపారి, స్తంభమెక్కిన లైన్‌మన్ మరణింపవచ్చును.

సంఘపు ఉమ్మడి యంత్రమునకు ఈ పని ఒక్కరికి అప్పగించి, తేదీలను పుస్తకమున వ్రాయించుడని మా మనవి. అందరి సొత్తని వదలినది ఎవ్వరికిని అక్కరకు రాదు.