గొర్రెల పాకలో సముద్రం బడి

1873 జూలైలో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవు నుంచి ఒక స్టీమరు పెనికీస్ అనే దీవికి బయల్దేరింది. అందులో ఎక్కినవాళ్ళు ఓ యాభై మంది దాకా. చాలామంది బడి పంతుళ్ళు, పంతులమ్మలు. దీవి అంతా కలిపితే డెబ్బై ఎకరాల పైచిలుకు. వేసవి సెలవుల్లో అక్కడ ఉంచి, సముద్రపు జీవాలను చేత్తో పట్టుకుని చదవడం నేర్పుతామంటే వచ్చారు పాపం. తీరా దిగి చూస్తే వడ్రంగుల సుత్తి దెబ్బలే తప్ప బడి జాడ లేదు. ఆఖరికి పాకలో ఉన్న గొర్రెలను అవతలికి తోలి, నేల బాగుచేసి, బల్లలు వేసి, భోజనాలూ ప్రారంభోత్సవమూ అందులోనే కానిచ్చారు. పైకప్పు కింద గూళ్ళు కట్టుకున్న పక్షులు మాత్రం ఖాళీ చెయ్యలేదు. అగాసీగారు ఉపన్యసిస్తుంటే తలల మీదుగా వస్తూ పోతూనే ఉన్నాయి.

ఆ లూయీ అగాసీ స్విట్జర్లాండులో పుట్టి హార్వర్డులో స్థిరపడిన ప్రొఫెసరు. చేపల శిలాజాల మీదా, హిమానీనదాల మీదా ఆయన మాటంటే ఐరోపా అంతా చెవులొగ్గి వినేది. న్యూయార్కులో పొగాకు వ్యాపారం చేసిన జాన్ ఆండర్సన్ అనే ధనికుడు ఈ దీవినీ, దానితోపాటు 50,000 డాలర్లనూ ఆయన చేతిలో పెట్టాడు. దాంతో మొదలైందీ వేసవి బడి. ఉపాధ్యాయుల చేత సముద్రపు ఒడ్డున పని చేయించే వర్క్‌షాపులు ఈనాడు ఎక్కడ జరిగినా, వాటి వంశవృక్షం తీస్తే మీరు ఈ గొర్రెల పాక దాకా రావలసిందే.

అక్కడి నియమం ఒక్కటే: పుస్తకం మూసెయ్, ఎదురుగా ఉన్నదాన్ని చూడు. అగాసీగారి పద్ధతి ఎంత కటువుగా ఉండేదో ఆయన పాత శిష్యుడు శామ్యూల్ స్కడర్ తరవాత రాసి పెట్టాడు. చేరిన రోజునే ఒక చేపను అతని ముందు పెట్టి, చూస్తూ ఉండమని చెప్పి గురువుగారు వెళ్ళిపోయారట. పది నిమిషాల్లో చూడవలసిందంతా చూసేశానని కుర్రాడు అనుకున్నాడు. గంటలు గడిచాయి, ప్రొఫెసరు రాలేదు. తోచక పెన్సిలు తీసి బొమ్మ వెయ్యడం మొదలుపెడితే, అంతవరకూ కంటికి ఆననివి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ చేప మూడు రోజులు బల్ల మీదే ఉంది. ఇంకో వస్తువు చూడ్డానికి వీల్లేదు, కంటికి సాయంగా ఏ పరికరమూ వాడడానికీ వీల్లేదు.

మహానుభావుడని నెత్తిన పెట్టుకోవడానికి మాత్రం లేదు. డార్విన్ చెప్పినదాన్ని అగాసీ చచ్చేదాకా ఒప్పుకోలేదు. మనుషుల్లో జాతుల ఎక్కువ తక్కువల గురించి ఆయన రాసిన రాతలు ఇవాళ చదివితే ఒళ్ళు మండుతుంది. కళ్ళు తెరిచి చూడమని ఊరందరికీ చెప్పిన మనిషి తాను చూడనన్నవి అవి. ఆ బళ్ళో చదువుకున్న డేవిడ్ స్టార్ జోర్డాన్ చేపల శాస్త్రంలో దిట్టయ్యాడు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి మొదటి అధ్యక్షుడూ అయ్యాడు, పరిణామవాదీ అయ్యాడు. గురువు నేర్పిన చూపు గురువు అభిప్రాయాన్ని దాటిపోయింది.

ఆ డిసెంబరులోనే అగాసీ కన్నుమూశారు. కొడుకు అలెగ్జాండర్ మరుసటి వేసవి నడిపి, మూసేశాడు. రెండు వేసవులు, అంతే. కానీ అక్కడికి వచ్చి వెళ్ళిన చార్లెస్ విట్‌మన్ 1888లో వుడ్స్ హోల్‌లో సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు తొలి డైరెక్టరయ్యాడు. 1874లో వచ్చిన కార్నీలియా క్లాప్ అనే పంతులమ్మ ఆ ప్రయోగశాల తెరిచిన మొదటి ఏడే అక్కడ చేరి, తరవాత దాని ధర్మకర్తల్లో ఒకరయింది. పుస్తకాన్ని కాదు ప్రకృతిని చదవమనే పెనికీస్ సూక్తిని వాళ్ళు భద్రంగా దాచుకుని, తీసుకెళ్ళి లైబ్రరీలో తగిలించారు! అంతకంటే మంచి చోటు దొరకలేదు కాబోలు.

మన దగ్గరికి వద్దాం. సముద్రం కిటికీలోంచి కనబడుతుండగా, ఏసీ హాల్లో తెర దించి, సముద్రం గురించి పవర్‌పాయింటు చూపించిన శిక్షణ కార్యక్రమానికి నేను వెళ్ళాను. సమోసా, టీ, శాలువా, గ్రూపు ఫోటో, సర్టిఫికెట్ అన్నీ సక్రమంగా జరిగాయి. ఒక్క చెప్పుకైనా ఇసక అంటలేదు. నిజానికి విశాఖపట్నంలాంటి ఊళ్ళో దేనికీ కొరత లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళున్నారు. అన్నిటికీ మించి ఆటు సమయంలో బయటపడే రాళ్ళున్నాయి, వాటికి అద్దె కూడా లేదు.

ఆ రాళ్ళ మీదికి టీచర్లను తీసుకెళ్తే మొదటి అరగంట ఏం జరుగుతుందో చెప్పనా? ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చూపించి ‘సార్, దీని పేరేమిటి?’ అంటారు. పేరు చెప్పగానే నోటు పుస్తకంలో రాసుకుని పక్క రాయికి పోతారు. అందుకే తెలివైన శిక్షకుడు పేరు చెప్పడు. ‘అదేం చేస్తోందో చూడండి, తరవాత చెప్పుకుందాం’ అంటాడు.

ఒక్కదాన్ని చూద్దాం. రాయి మీద గరుకుగా, తెల్లగా, చిన్న చిన్న అగ్నిపర్వతాల్లా అతుక్కుని ఉండేవాటిని మీరు చూసే ఉంటారు. అరికాలు కోసుకుపోయి ఉంటే మరీ బాగా గుర్తుంటుంది. అవి బార్నకిల్స్. పడవల అడుగునా పడతాయి, జాలర్లు గీకి గీకి విసిగిపోతారు. నీరు తీసినప్పుడు చూస్తే ప్రాణం ఉన్నట్టే తోచదు. అవి పట్టిన చిన్న రాయి ఒకటి తీసి, గాజు గ్లాసులో అప్పుడే ముంచి తెచ్చిన సముద్రపు నీళ్ళు పోసి అందులో వెయ్యండి. కదపకుండా కూర్చోండి. కాసేపటికి నడినెత్తిన ఉన్న తలుపు రెక్కలు విచ్చుకుంటాయి. ఈకల్లాంటి సన్నని కాళ్ళు గుత్తిగా బయటికొచ్చి, నీళ్ళను ఒక్కసారి దువ్వి, లోపలికి ముడుచుకుంటాయి. మళ్ళీ వస్తాయి, మళ్ళీ ముడుచుకుంటాయి. నీళ్ళలో తేలే సూక్ష్మజీవులను అలా పట్టి నోట్లోకి తోసుకుంటోందన్నమాట. ఆరు జతల కాళ్ళు. తల వైపు రాయికి అతికించుకుని, వెల్లకిలా పడుకుని, జన్మంతా కాళ్ళతో భోజనం చేసే జీవి ఇది.

ఇప్పుడు గడియారం తియ్యండి. నిమిషానికి ఎన్నిసార్లు దువ్వుతోందో లెక్కపెట్టండి. ఇంకో గ్లాసులో కాస్త చల్లటి సముద్రపు నీళ్ళు పోసి అందులోనూ లెక్కపెట్టండి, జోరు తగ్గుతుంది. పదో తరగతి పిల్లలు గ్రాఫు గీసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? తరవాత చేతిని మెల్లిగా గ్లాసుకూ వెలుగుకూ మధ్య అడ్డం పెట్టి నీడ పడనివ్వండి. చటుక్కున తలుపులు మూసుకుపోవడం చాలావాటిలో కనిపిస్తుంది. మనకున్నట్టు కళ్ళు లేకపోయినా నీడ పడిందని దానికి తెలిసిపోయింది. ఎలా తెలిసింది? ఈ ప్రశ్న టీచరుగారి నోటి వెంట వచ్చిందంటే వర్క్‌షాపు పెట్టిన ఖర్చు గిట్టినట్టే.

గుల్ల చూసి ఇది నత్తల చుట్టమనుకుంటే మీ తప్పేమీ లేదు. మహా పండితుడు క్యూవియే కూడా అలాగే అనుకున్నాడు. ఐర్లండులో ఉద్యోగం చేస్తున్న సైనిక వైద్యుడు జాన్ వాన్ తాంప్సన్, సముద్రంలో ఈదే బుల్లి జీవాలను పలచటి వలతో పట్టి, గాజు పాత్రలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. అవి పాత చర్మం వదిలేసి బార్నకిల్సుగా అతుక్కుపోయాయి. ఇవి నత్తలు కావు, రొయ్యలకూ పీతలకూ దాయాదులని 1830లో అచ్చువేశాడు. డార్విన్ అయితే 1846 నుంచి ఎనిమిదేళ్ళు వీటితోనే కాపురం చేశాడు. ఆయన పిల్లల్లో ఒకరు పొరుగింటికి వెళ్ళి, మరి మీ నాన్నగారు బార్నకిల్స్ పని ఎక్కడ చేసుకుంటారని అడిగారట. నాన్నలందరికీ అదే ఉద్యోగమనుకున్నారు పాపం!

లెక్కల పని కూడా ఉంటుంది. పీవీసీ గొట్టాలతో చేసిన చదరాన్ని నీటి అంచు నుంచి గట్టు దాకా వరసగా రాళ్ళ మీద పెట్టుకుంటూ పోయి, ప్రతి చదరంలో ఏది ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. పైకి పోయేకొద్దీ జాబితా చిక్కిపోయి, ఎండకు ఓర్చే బుడ్డి నత్తలు మాత్రం మిగులుతాయి. ఎండ, ఉప్పు, ఆకలి, శత్రువు, నాలుగూ కలిసి ఎవరి జాగా ఎక్కడో తేల్చేస్తాయి.

ఖమ్మంలో బయాలజీ చెప్పే మా మనవరాలికి ఇదంతా చెబుతుంటే మధ్యలో అడ్డం తగిలింది. “బాగుంది తాతయ్యా, మా బడికి సముద్రం ఎక్కడినుంచి తేను?”

“క్యాన్లో తేవే! విశాఖ వెళ్ళినవాళ్ళు ఎవరైనా రెండు లీటర్లు పట్టుకొస్తారు,” అన్నాను.

లీటరు నీళ్ళు తూచిన స్టీలు గిన్నెలో పోసి మరిగించాలి, చివర్లో చిటపటలాడుతుంది కాబట్టి మంట తగ్గించాలి. అచ్చమైన మహాసముద్రపు నీరైతే 35 గ్రాముల దాకా లవణాలు మిగులుతాయి. మన బంగాళాఖాతంలో వానాకాలం వెళ్ళాక ఆ లెక్క తగ్గుతుంది. గంగా బ్రహ్మపుత్రలూ మహానదీ గోదావరీ తెచ్చి పోసిన మంచినీళ్ళు ఉప్పును పలచన చేస్తాయి. మే నెల క్యానూ నవంబరు క్యానూ పక్కపక్కన పెట్టి మరిగిస్తే నదుల వరద ఖమ్మం తరగతి గదిలో కనబడుతుంది. మిగిలినదాన్ని రాత్రంతా ఆరుబయట వదిలేస్తే చెమ్మగిల్లుతుంది, అది అందులో ఉన్న మెగ్నీషియం లవణాల పని.

“ప్రాణమున్నది కావాలి తాతయ్యా!” అంది. ఖమ్మంలో లకారం చెరువు ఉండనే ఉంది కదా. తీగను చక్రంలా వంచి, పాత చున్నీని గరాటులా కుట్టి, కొసన చిన్న సీసా కట్టి లాగితే నీటి ఈగలనే బుల్లి జీవాలు పడతాయి. వాటి ఒళ్ళు గాజులా పారదర్శకం. మైక్రోస్కోపు కింద పెడితే గుండె కొట్టుకోవడం బయటికే కనిపిస్తుంది. ఇంతకన్నా చిన్నవైన ఆకుపచ్చ కణాలు చున్నీలోంచి జారిపోతాయి. సముద్రంలో ఉండే అలాంటి కణాలు భూమ్మీది కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం తమ నెత్తిన వేసుకుని నడుపుతున్నాయి. అడవుల మీద పాఠాలు పెట్టి వీటికి ఒక్క పేరాతో సరిపెట్టడం నాకు నచ్చదు.

ఒడ్డుకే వెళ్ళగలిగినవాళ్ళు ముందు పంచాంగం చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా పైకొచ్చి, ఆటు బాగా కిందికి దిగుతుంది. అష్టమి తరవాత వెళ్తే సగం రాళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. విశాఖలో ఆ తేడా పెద్ద పోట్లప్పుడు కూడా మీటరున్నర దాకానే. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గర ఎనిమిది మీటర్లు దాటుతుంది. ఇవాళ ఆటు వచ్చిన వేళకు రేపు ఓ యాభై నిమిషాలు కలుపుకోవాలి, చంద్రుడు ఆ మేరకు ముందుకు జరిగిపోతాడు కాబట్టి.

నాచు పట్టిన రాయి మీద వీరత్వం పనికిరాదు, పట్టున్న బూట్లు వేసుకోవాలి. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగకూడదు. తిప్పిన రాయిని తిప్పినట్టే తిరిగి పెట్టాలి. దాని కింద చీకట్లో బతికేవి ఎండకు చచ్చిపోతాయి. ఒక కొసన సన్నగా, రంగురంగులుగా ఉన్న నత్తగుల్ల కనబడితే చేత్తో తియ్యకండి, కోన్ నత్తలు కుడతాయి, వాటి విషం మామూలుది కాదు. గుర్తుకని ఏమీ జేబులో వేసుకోకండి. సముద్రపు గుర్రాలు, పగడాలు, కొన్ని రకాల గుల్లలు 1972 నాటి వన్యప్రాణి చట్టం కిందికొస్తాయి. ఇక పోటు మొదలవగానే అందరూ గట్టెక్కాలి. చదరంలో లెక్క మిగిలిపోయిందని ఏ మాస్టారైనా మొండికేస్తే, పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాల తరవాత మళ్ళీ ఆటు వస్తుంది, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకు రండి అని చెప్పి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేయండి.