ఏడాదికొక్క రాత్రి నడిస్తే చాలదు

ఏటా ఆషాఢ పౌర్ణమి వెళ్లిన మర్నాడు మా ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఒక ప్రత్యేకమైన వరస కనిపిస్తుంది. చెప్పులు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చేవారు, పిక్కలు పట్టేసి బల్ల మీద చతికిలబడేవారు, అరికాళ్ల నిండా బొబ్బలతో కొడుకు భుజం ఆనుకుని వచ్చేవారు. ఏమైందని అడగనక్కరలేదు. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసివచ్చినవారే. చతుర్దశినాడు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి మళ్లీ అక్కడికి చేరేసరికి 32 కిలోమీటర్లవుతుంది.

ఇది భక్తిని ఆక్షేపించే మాట కాదు. నేనూ రెండుసార్లు చుట్టినవాణ్ణే. రాత్రంతా ఊరు ఊరంతా రోడ్డు మీద నడుస్తూంటే, దారిపొడుగునా ముక్కూ మొహం తెలియనివాళ్లు మజ్జిగ గ్లాసులు చేతికందిస్తూంటే కలిగే సంతోషం వేరు. నా బాధల్లా ఆ మిగతా 364 రోజుల గురించి.

కొన్నేళ్ల క్రితం 48 ఏళ్ల గుమాస్తా ఒకరు నా దగ్గరికి వచ్చారు. ఎనిమిదేళ్లుగా షుగరు. ఇంటినుంచి ఆఫీసుకు స్కూటరు, ఆఫీసులో కుర్చీ, ఇంటికొస్తే టీవీ ముందు మరో కుర్చీ. కూతురి పెళ్లి కుదిరితే చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నారు, చేశారు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయిన సంగతి ఆయనకు తెలియదు. అందుచేత బొబ్బ లేచినా తెలియలేదు, చితికినా తెలియలేదు. ఇంటికెళ్లి అలుపు తీరడానికని వేడినీళ్లలో ఉప్పువేసి కాళ్లు పెట్టారు. ఆ నీళ్లు మరీ వేడిగా ఉన్నాయనీ తెలియలేదు! అయిదోనాడు గదిలో ఏదో వాసన వస్తోందని భార్య గమనించి చూస్తే చిటికెన వేలు నల్లబడి ఉంది. ఆ వేలు తీసివేయక తప్పలేదు. కాలు మాత్రం దక్కింది. "అప్పన్న కాలు మిగిల్చాడు బాబూ" అందావిడ. నేను కాదనలేదు. కానీ ఏడాది పొడుగునా కాస్త నడిచి ఉంటే, నడిచేముందు ఒక్కసారి పాదాలు చూపించుకుని ఉంటే, వేలు కూడా మిగిలేదేమో.

ఇప్పుడొక చిన్న లెక్క చూడండి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. గంటకు అయిదు కిలోమీటర్ల వేగమనుకుంటే వారానికి పన్నెండున్నర కిలోమీటర్లు. అంటే ఆ 32 కిలోమీటర్లూ ఏమంత శ్రమ తెలియకుండా పద్దెనిమిది రోజుల్లో పూర్తవుతాయి. రక్తంలో షుగరు తగ్గేదీ, రక్తపోటు అదుపులోకి వచ్చేదీ ఈ పద్దెనిమిది రోజుల నడకతోనే గాని ఆ ఒక్క రాత్రితో కాదు. ఒకసారి నడిస్తే దాని మేలు షుగరు మీద ఒకటి రెండు రోజులు నిలుస్తుంది, ఆ తరువాత మళ్లీ నడవవలసిందే.

చురుకైన నడక అంటే ఎంత అని అడుగుతారు. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతే. "ఇంట్లో పని చేస్తూనే ఉంటాం కదండీ, మళ్లీ నడకెందుకు?" అని ఆడవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఊపిరి కాస్త వేగం పుంజుకునే పని ఏదైనా లెక్కలోకి వస్తుంది, అయిదు నిమిషాలైనా వస్తుంది. కాని పొయ్యి ముందు నిలబడితే కాళ్లు నొప్పెడతాయేగాని గుండెకు వ్యాయామం కాదు. పైగా ఆ నాలుగు గోడలు దాటి బయటికి రావడంలో మనసుకు కలిగే తెరిపి ఉందే, దానికి నా దగ్గర మాత్ర లేదు.

విశాఖపట్నంలో ఉన్నవారికి బయటికి వెళ్లడానికి చోటు లేదన్న సాకు చెల్లదు. ఇక్కడి వైద్య కళాశాలలో చదివినన్నాళ్లూ నేను సముద్రాన్ని కిటికీలోంచే చూశాను. నాకే షుగరు బయటపడ్డాక, 51వ ఏట, బీచ్ రోడ్డు ఎక్కాను. రోగులకు పాతికేళ్లుగా చెప్పిన సలహా నాకు నేను చెప్పుకోవడానికి అంతకాలం పట్టింది. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద వాహనాలను ఆపివేస్తారు గనుక ముసలివాళ్లు కూడా నిర్భయంగా నడవవచ్చు. తీరా నడక పూర్తయ్యాక బజ్జీల బండి దగ్గర ఆగేవాళ్లను చూస్తూంటాను. అరగంట నడకలో ఖర్చయ్యేది సుమారు నూటయాభై కాలరీలు. రెండు మిరపకాయ బజ్జీలతో ఆ ఖాతా మళ్లీ నిండిపోతుంది. మురీ మిక్చరు అయితే కొంత నయం, అదీ పల్లీలు మితంగా.

ఇసుకలో నడిస్తే మంచిదా అని చాలామంది అడుగుతారు. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీదకన్నా రెట్టింపు శక్తి కావాలి. వయసులో ఉన్నవారికి మంచి వ్యాయామమే. మోకాళ్లు, మడమలు నొప్పి ఉన్నవారు నీటి అంచున ఉండే తడి, గట్టి ఇసుకలోనే నడవాలి. షుగరు ఉన్నవారు మాత్రం ఎక్కడా ఉత్తకాళ్లతో నడవకూడదు. ఇసుకలో గాజుపెంకులుంటాయి, చేపముళ్లుంటాయి, ఎండెక్కాక ఇసుకే కాల్చేస్తుంది.

ఈ ఊరి ఉక్క సంగతి కూడా చెప్పాలి. లోపలి జిల్లాల వారు "మీకు 34 డిగ్రీలేగా" అని తీసిపారేస్తారు. చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందేగాని ఆరదు. అందుకే ఇక్కడ తక్కువ వేడికే సొమ్మసిల్లుతారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏడు గంటలకల్లా నడక ముగించండి. కొత్తగా మొదలుపెట్టేవారు పది నిమిషాలతో ఆరంభించి మెల్లగా పెంచండి. ఒళ్లు ఉక్కకు అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. నడుస్తున్న మనిషి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలు కప్పి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు. చలికాలంలో మరో చిక్కు. కొండల మధ్య గిన్నెలాంటి ఊరు కావడంతో పొగ, దుమ్ము తెల్లవారుజామున నేలబారుగా నిలిచిపోతాయి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు ఆ రోజుల్లో పొద్దెక్కాకే బయలుదేరాలి.

సముద్రం పక్కన నడవండి, లోపలికి మాత్రం దిగవద్దు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు లేదు. ప్రదక్షిణ మధ్యలో స్నానానికి దిగేవారికీ, వనభోజనాలకు వచ్చే కుర్రవాళ్లకూ ఇదే మనవి. ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఒకచోట చేరి ఇరుకైన కాలువలాగ లోపలికి పరుగెడుతుంది. విచిత్రమేమిటంటే అక్కడ అలలు విరగవు, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. మోకాలిలోతే కదా అని అక్కడే దిగుతారు. ఆ లాగుడులో పడితే ఈతగాడైనా ఒడ్డువైపు ఎదురీదకూడదు, అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తప్పాక వెనక్కి రావాలి. ఈత రాని తండ్రి కొడుకుకోసం దూకితే ఇద్దరూ పోతారు. తాడో, ఖాళీ డబ్బానో విసిరి, కేకలు వేసి జాలర్లను, గజ ఈతగాళ్లను పిలవండి.

కాస్త దమ్మున్నవారికి కొండలున్నాయి. కైలాసగిరి మెట్లు ఎక్కవచ్చు. కంబాలకొండ అడవిలో చెట్లనీడన నడవవచ్చు, అయితే ఒంటరిగా వద్దు, నిర్ణీత బాట దాటవద్దు. భీమిలి దారిలో తొట్లకొండ ఉంది. 128 మీటర్ల ఎత్తున, రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు కాపురమున్న చోటు. సాయంత్రం పిల్లలను తీసుకువెళితే చరిత్రా, వ్యాయామమూ రెండూ అవుతాయి. మోకాలి నొప్పి ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోండి. ఎక్కేటప్పుడు ఆయాసం గుండెకు, దిగేటప్పుడు భారం మోకాళ్లకు. ఎక్కడం కాలినడకన, దిగడం బస్సులో అయితే బాగు.

ఎక్కేటప్పుడు గుండెల మీద బరువు పెట్టినట్లుండి, ఆ నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే "గ్యాస్" అని సోడా తాగకండి. అక్కడే కూర్చుని 108 పిలిపించండి. ఇన్సులిన్ గాని, షుగరు బాగా దించే మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో దూరం నడవకూడదు. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు పోసి, చేతులు వణికి, ఉన్నట్టుండి ఆకలి వేస్తే ఆగి అది నోట్లో వేసుకోండి.

ఇక వచ్చే ప్రదక్షిణ మాట. ఉగాది నుంచి ఆషాఢ పౌర్ణమికి మూడున్నర నెలల వ్యవధి ఉంది. ఉగాది పచ్చడి తిన్ననాటి నుంచి మొదలుపెట్టండి. మొదటి నెల రోజుకు అరగంట. రెండో నెల ఆదివారాలు రెండు గంటలు. మూడో నెలలో ఒకసారి పదిహేను, ఒకసారి ఇరవై కిలోమీటర్లు నడిచి చూసుకోండి. చివరివారం తగ్గించండి. అప్పటికే అరిగి, కాలికి అమరిన బూట్లు, నూలు మేజోళ్లు వేసుకోండి, కొత్తవి ఆ రోజున కొనవద్దు. షుగరు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరుకు చూపించుకోండి. ఉత్తకాళ్ల మొక్కు గురించి పురోహితుడితో మాట్లాడండి, ఏదో దారి చెబుతారు.

ఆ గుమాస్తాగారు ఇప్పుడు రిటైరయ్యారు. తొమ్మిది వేళ్లతో రోజూ శివాజీ పార్కులో నడుస్తారు, బూట్లు వేసుకుని. రాత్రి పడుకునే ముందు ఆవిడ ఆయన అరికాళ్లు దీపం దగ్గర పెట్టి చూస్తుంది. ఆవిడ ఊరెళ్లిన రోజున ఆయనే నేలమీద అద్దం పెట్టుకుని చూసుకుంటారు.