మితవ్యయముతో ఆటల కంప్యూటరు



మీ యింట చదువుకొనుచున్న మనుమడో, మేనల్లుడో యొకనాడు చెంతకు వచ్చి, "తాతయ్యా, నాకొక గేమింగు కంప్యూటరు కావలెను. కూర్చి యమ్మునది వలదు, భాగములను నేనే యేరి బిగించుకొందును" అని యడుగవచ్చును. ఇచ్చు సొమ్ము పంటమీద వచ్చినది. అడుగువానికి ఉత్సాహమే గాని, అంగడివాని మాటలలో పాలెంతయో నీళ్ళెంతయో తెలియదు. ఔనని యనుటకైనను, కొంత తగ్గించుమని చెప్పుటకైనను, ఏ భాగమేమి చేయునో మీకును గొంత తెలిసియుండుట మేలు.

బండిని వడ్రంగిచేత చేయించునపుడు ఇరుసును, చక్రములను, కాడిని వేర్వేరుగ చూచి పుచ్చుకొందుము గదా! ఇదియు నట్టిదే. లెక్కలు చేయునది ప్రాసెసరు. తెరమీద బొమ్మలు గీయునది గ్రాఫిక్సు కార్డు. పని జరుగుచుండగా సామగ్రిని చేతికందునట్లుంచునది ర్యాము. ఆటలను దాచియుంచునది ఎస్.ఎస్.డి. వీనినన్నిటిని గలుపునది మదర్‌బోర్డు. అన్నిటికిని విద్యుత్తును పంచునది పవర్ సప్లై. ఇవి యన్నియు నుండు పెట్టెను క్యాబినెట్టందురు.

కుఱ్ఱవానిని మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ధరను గూర్చినది కాదు. "నీవాడు ఆట యేది?" అని యడుగుడు. 2020 లో వెలువడిన వాలరెంట్ వంటి ఆట తేలికైనది. దానికి ప్రత్యేకముగ గ్రాఫిక్సు కార్డే యక్కరలేదు. బొమ్మలు గీయు శక్తిని తనలోనే కలిగియున్న రైజెన్ 5 5600జి వంటి ప్రాసెసరు చాలును. అదే యేట వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటి యాటకు మంచి కార్డు లేనిదే జరుగదు. ఈ యొక్క ప్రశ్నతోనే కొన్ని యిండ్లలో సగము వ్యయము తగ్గును. ఇందొక చిక్కు కలదు. 5600 అను ప్రాసెసరును, 5600జి అను ప్రాసెసరును వేర్వేరు. చివర "జి" లేనిదానికి బొమ్మలు గీయు శక్తి లేదు. అక్షరము చూడక కొని, కార్డు కొనకున్నచో తెర నల్లగానే యుండును.

రెండవ ప్రశ్న, తెర యెంతటిది? సామాన్యమైన మానిటరులో అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలుండును; మొత్తము 20,73,600. సెకనుకు 60 బొమ్మలు గీయవలెనన్నచో కార్డు ఒక్క సెకనులో 12,44,16,000 చుక్కలకు రంగు వేయవలెను! "4కె" అను తెరకు దీనికి నాలుగింతలు పని. తెర పెద్దదైన కొలది కార్డునకు సొమ్ము పెరుగును. కావున మితవ్యయము గోరువారికి 1080 తెరయే తగినదని నా యభిప్రాయము.

పెద్ద యాటలకైనచో నూరు రూపాయలలో ముప్పదియైదు మొదలు నలువది వఱకు గ్రాఫిక్సు కార్డునకే కేటాయింపవచ్చును. ఇక్కడనే మోసపోవుటయు నెక్కువ. పేరొకటియే యైనను సరుకు వేరు కావచ్చును. జిటి 1030 అను కార్డు 2017 లో వచ్చినపుడు దాని జ్ఞాపకభాగము సెకనుకు 48 జీబీల వేగముతో పని చేసెను. మరుసటి యేట అదే పేరుతో డిడిఆర్4 రకమును విడుదల చేసిరి. దాని వేగము 16.8 జీబీలు మాత్రమే. అట్టమీది పేరు చదివి కొనినవాడు మూడింట నొక వంతు వేగము గల సరుకును ఇంటికి దెచ్చుకొనెను.

బలమైన యెద్దును బక్కయెద్దుతో నొక కాడికి గట్టిన బండి బక్కదాని నడకనే నడచును. గొప్ప ప్రాసెసరునకు హీనమైన కార్డును, గొప్ప కార్డునకు ముదుసలి ప్రాసెసరును జతపఱచుట యిట్టిదే. ఈడైన జతకు ఉదాహరణము చెప్పవలెనన్న, 2022 లో వచ్చిన రైజెన్ 5 5600 ప్రాసెసరును, 2021 లో వచ్చిన రేడియాన్ ఆర్.ఎక్స్. 6600 కార్డును జెప్పుదును. ఆ కార్డు 1080 తెరనుద్దేశించి చేసినదే. ర్యాము 16 జీబీలు చాలును. అయితే 16 జీబీల పలక యొక్కటి గాక, 8 జీబీల పలకలు రెండు పెట్టించుడు. రెండు తూములనుండి పాఱు నీరు ఒక తూమునుండి పాఱుదానికంటె వేగముగ చేరును గదా. ఎస్.ఎస్.డి. ఒక టీబీ యుండుట మంచిది. నేటి పెద్ద యాటలు కొన్ని ఒక్కొక్కటియే నూరు జీబీలకు మించును. రంగురంగుల దీపములు గల క్యాబినెట్టు వలన ఆటకు కలుగు లాభమేమియు లేదు.

ఇఁక పవర్ సప్లై. దీనిని గూర్చి నేను సొమ్ము పోగొట్టుకొని నేర్చుకొంటిని. మా తమ్ముని కుమారునికి 2019 లో ఒక పట్టణమున కంప్యూటరు కూర్పించితిమి. "పెట్టెతోబాటు 500 వాట్ల పవర్ సప్లై ఉచితము" అని అంగడివాడు చెప్పగా సంతోషించితిని. నాలుగు నెలలు గడవకమునుపే ఒక రాత్రి ఆట నడుమ ఫెళ్ళుమని శబ్దమయ్యెను, కాలిన వాసన వచ్చెను. పవర్ సప్లై పోవుటయే గాక మదర్‌బోర్డును గూడ వెంట దీసికొనిపోయెను. ఉచితముగ నిచ్చిన దానికి పూచీ లేదనిరి. అటుపిమ్మట దానిపైనున్న చీటిని చదివితిని. 12 వోల్టుల పంక్తిలో 14 ఆంపియర్లని యున్నది. పన్నెండును పదునాలుగును హెచ్చవేసినచో 168 వాట్లే! ప్రాసెసరును, కార్డును ప్రధానముగ బ్రతుకునది ఆ పంక్తిమీదనే. పైన జెప్పిన జతకు 65 యును 132 యును గలిసి 197 వాట్లు కావలెను. ఒక్కొక్క క్షణమున అంతకు మించియు లాగును. కావున నిజమైన 450 మొదలు 550 వాట్లు గలదానిని కొనుడు. "80 ప్లస్" అను ముద్ర గోడనుండి తీసికొనిన విద్యుత్తును వృథా చేయదని మాత్రమే తెలుపును. మన్నికకు కొలత పూచీకాలము. అయిదేండ్ల పూచీ యిచ్చువానికి రెండు వేలు అధికముగ నిచ్చినను నష్టము లేదు. కరెంటు మాటిమాటికి పోవు గ్రామములలో యు.పి.ఎస్. కూడ అవసరమే.

ధరలు నిలుకడ గలవి కావు. 2021 లో గ్రాఫిక్సు కార్డులు దొరకుటయే కష్టమయ్యెను. 2025 చివర ర్యాము ధర విపరీతముగ పెరిగెను. నిరుటి చీటిని నమ్మి పోవలదు. సికిందరాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల అంగళ్ళు ప్రక్కప్రక్కనే యుండును గనుక, ఒకే పట్టికను నాలుగు చోట్ల చూపి ధర యడుగుడు. వాడిన కార్డును కొనదలచినచో, అంగడిలోనే అరగంటసేపు ఆట నడిపించి చూడుడు. 2022 సెప్టెంబరులో ఇథీరియమను నాణెమును కార్డులతో తవ్వుట ఆగిపోగా, రేయింబవళ్ళు పని చేసిన కార్డులెన్నియో విపణికి వచ్చెను.

ఇంటికి దెచ్చి బిగించిన పిమ్మట, మానిటరు తీగను గ్రాఫిక్సు కార్డు రంధ్రములోనే పెట్టెనా యని యొకమారు వెనుకకు వంగి చూడుడు. పలువురు దానిని మదర్‌బోర్డు రంధ్రములో గుచ్చి, కార్డు పనిచేయుట లేదని అంగడివానితో తగవులాడుచుందురు.