పిల్లిని ఇంట్లోకి తెచ్చుకునేముందు

పరమ లోభిని గురించి మన తెలుగువాళ్ళు 'పిల్లికి కూడా బిచ్చం పెట్టడు' అంటారు. దానధర్మాల్లోకెల్లా అతి చిన్నది పిల్లికి వేసే ముద్ద అనీ, దానికి కూడా చేయి రానివాడు ఇంకెవరికేం పెడతాడనీ ఆ మాటకు అర్థం. దానం విలువ తెలిసిన ఈ సంచిక పాఠకులతో మేము చెప్పదలచుకున్నది కొంచెం వేరు. గోడ దూకి వచ్చిన వీధిపిల్లికి వేసే ముద్ద దానమే కావచ్చు. ఇంట్లోకి తెచ్చుకుని, తలుపు వేసుకుని, పేరు పెట్టి పిలుచుకునే పిల్లికి పెట్టే తిండి మాత్రం దానం కాదు. అది దాని హక్కు.

ఇది మా సొంత మాట కాదు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఉదంతం మీలో చాలామంది విన్నదే. ఒక స్త్రీ పిల్లిని నిర్బంధించి ఉంచింది. తాను తిండి పెట్టలేదు, నేలమీది పురుగూ పుట్రా తిని బతకమని వదలనూ లేదు. ఆ పిల్లి చనిపోయింది. అందుకు ఆమె శిక్షకు గురైందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. పిల్లిని పెంచి తీరాలని అందులో లేదు. పెంచితే పెట్టాలి, పెట్టలేకపోతే వదలాలి. మన దేశ చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం పెంపుడు జంతువుకు తగినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరం. ఆకలిదప్పులతో అల్లాడేలా ఎక్కడో వదిలేసి రావడం కూడా నేరమే.

పిల్లి మూతిపెట్టిన నీళ్ళు వుజూకు పనికొస్తాయా అని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోబోతుంటే పిల్లి వచ్చిందట. అది తాగడానికి వీలుగా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అపరిశుద్ధమైనది కాదనీ, అది మీ చుట్టూ తిరుగాడే వాటిలోనిదనీ దైవప్రవక్త (సఅసం) చెప్పిన సంగతి వివరించారు. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఇది ఉంది.

ఇక పిల్లితో కాపురం సంగతి. రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. ఆ నిద్ర కాస్తా ఇస్త్రీ బట్టల మీద, లేదంటే మేము దిద్దవలసిన జవాబు పత్రాల కట్ట మీద. స్వతహాగా తెల్లవారుజామునా, మునిమాపు వేళా వేటాడే జంతువు కాబట్టి, రంజాన్ నెలలో సహరీకి అలారం మోగకముందే లేచి మా కాళ్ళ చుట్టూ తిరిగేది మా మున్నీయే. ఫజర్ నమాజుకు జానిమాజ్ పరిస్తే సరిగ్గా సజ్దా చేసే చోటే చుట్టచుట్టుకుని పడుకునేది. అమ్మీ దాన్ని ఏమీ అనకుండా రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టేది. అది మళ్ళీ వచ్చేది.

పెద్ద పిల్లులు తమలో తాము 'మ్యావ్' అనుకోవడం అరుదు. అది పసికూనలు తల్లిని పిలిచే పిలుపు. మనింట్లో పెరిగిన పిల్లి ఎంత పెద్దదైనా ఆ పిలుపును మన కోసం అట్టేపెట్టుకుంటుంది. ఒళ్ళో చేరి గురగురలాడితే హాయిగా ఉందనుకుంటాం. చాలాసార్లు నిజమే. కాని నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది. జబ్బును దాచుకోవడం దాని స్వభావం. తిండి మానేసి మంచం కింద చేరేదాకా మనకు తెలియదు. పెంచేవాళ్ళ దుఃఖాల్లో చాలా వాటికి మూలం ఇదే. మిగిలిన వాటికి మూలం, ప్రేమతోనే అయినా, మనం చేసే పనులు.

తిండితోనే మొదలుపెడదాం. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే అందాలి. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. పెరుగన్నంతో పెంచుతున్నామని మురిసిపోయే ఇళ్ళు మాకు తెలుసు. ఆ పిల్లులు బయట ఎలుకనో తొండనో పట్టి తింటున్నాయి కాబట్టి బతుకుతున్నాయి. కథల్లో పిల్లికీ పాలకూ ఎంత స్నేహమున్నా, పెరిగిన పిల్లుల్లో చాలా వాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. తీపి రుచి వాటికి అసలు తెలియదు. అందుకే ఈద్ నాటి షీర్‌ఖుర్మాలో అది వెతికేది పాల వెన్ననే తప్ప చక్కెరను కాదు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసమో చేపో పెట్టండి. ఉడికిన నీళ్ళు పారబోయకండి, టారిన్ కొంత అందులోకి దిగుతుంది. ఇంటి వంట ఒక్కటే చాలదు. పిల్లుల కోసం తయారుచేసిన మేత కూడా కలిపితే మేలు. బిర్యానీ ముక్క మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. వండిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. బక్రీదు రోజున ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

అంతకన్నా ప్రమాదం మందుల డబ్బా. మాకు తెలిసిన ఒక ఇంట్లో పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉందని దాదీ అర పారాసిటమాల్ బిళ్ళ పొడిచేసి పట్టింది. మనవళ్ళకు పట్టినట్టే, అంతే ప్రేమగా. సాయంత్రానికి పిల్లి మొహం వాచింది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగాయి, ఊపిరి అందక నోరు తెరిచింది. తెల్లవారేసరికి పోయింది. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి. ఆ దాదీకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని అడిగారు. చెప్పవద్దనే అన్నాం. మీ ఇంట్లో పెద్దలుంటే మాత్రం ముందే చెప్పి ఉంచండి. కుక్కల గోమార్లకు పోసే పెర్మెత్రిన్ మందు, పూలకుండీలోని లిల్లీ కూడా పిల్లికి విషమే.

ఒక ఏడాది మా బడి సామాన్ల గదిలో ఓ పిల్లి నాలుగు పిల్లలు పెట్టింది. మధ్యాహ్న భోజనంలోని గుడ్డు చిదిమి పెట్టడానికి ఏడో తరగతి పిల్లలు వంతులు వేసుకున్నారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఆ తల్లి కూడా శత్రువులకు వాసన తగలకుండా ఒక గదిలోంచి మరో గదికి మారుస్తూనే ఉంది. తప్పించలేనిది వైరస్. వాంతులు, విరేచనాలతో వారంలో మూడు పోయాయి. అది పాన్‌ల్యుకోపీనియా అని పశువైద్యుడు చెప్పారు. మనుషులకు సోకదు. కాని ఆ గదిలో ఆ వైరస్ ఏడాది దాకా బతికి ఉండగలదు. నివారణ టీకా ఉంది. పిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3, 4 వారాలకొకసారి 16 వారాల దాకా వేయించాలి. రేబిస్ టీకా వేరు, అదీ తప్పనిసరి. పిల్లి కరిచినా రక్కినా గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, పెంపుడుదే కదా అని ఊరుకోకూడదు.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వెళ్ళగొట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువ. అంత అవసరం లేదు. భయపడవలసింది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి. అది పిల్లి మలంలో బయటికొచ్చాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఆ పెట్టెను రోజూ, ఇంకొకరు శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగా ఉడకని మాంసం నుంచి కూడా అదే జబ్బు వస్తుందన్న సంగతి ఎవరూ చెప్పరు.

మగపిల్లి పదేపదే పెట్టెలోకి వెళ్ళి ముక్కుతూ చుక్క మూత్రం పోయకపోతే మలబద్ధకమనుకుని ఆముదం పట్టకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉంటుంది. ఆలస్యం చేస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

పిల్లి గర్భం దాదాపు 9 వారాలు. నాలుగైదు నెలల వయసుకే చూలు నిలవవచ్చు, పాలిచ్చే రోజుల్లోనే మళ్ళీ నిలవవచ్చు. అలా పుట్టిన పిల్లల్ని గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలి, అక్కడ వాటికి తిండికి లోటుండదులే అని సర్దిచెప్పుకునేవారిని చూశాం. కుక్కలకూ బండ్లకూ తప్పించుకుని అక్కడ పెరిగేవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టరు. పశువైద్యుల చేత ఆపరేషన్ చేయించడం నయం. ఇది ధర్మసమ్మతమా అంటే ఆలిముల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. హాని లేకుండా, మేలు కోసమైతే అనుమతించినవారున్నారు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. వేలు పోసి చప్పిడిమూతి పర్షియన్ పిల్లిని కొనేవారికి ఇంకొక మాట. ఆ ముఖం అందమే దానికి ఊపిరి కష్టం, కంటినీరు. వంశపారంపర్యంగా మూత్రపిండాల్లో తిత్తులు వచ్చే జబ్బు ఆ జాతిలో ఎక్కువ. మన ఎండలకు ఆ బొచ్చు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఉమ్రాకు 15 రోజులు వెళితే ఇంట్లో పిల్లికి పెట్టేదెవరు? టికెట్లు తీసుకునే రోజునే ఈ ప్రశ్న వేసుకోవాలి. ఒకేసారి గిన్నె నిండా పోసి తాళం వేసి వెళ్ళడం కుదరదు.

వయసు మళ్ళిన పిల్లులకు తరచుగా వచ్చేది మూత్రపిండాల జబ్బు. మున్నీ 14వ ఏట నీళ్ళ గిన్నె వదలకుండా తాగసాగింది, చిక్కిపోయింది. నయం కాదని డాక్టరుగారు ముందే చెప్పారు. మెడ వెనక చర్మం కింద సెలైన్ ఎక్కించడం మాకు నేర్పారు. రోజు విడిచి రోజు, అమ్మీ తల నిమురుతుంటే మేము సూది గుచ్చేవాళ్ళం. ఎనిమిది నెలలు గడిచాయి. చివరి వారం సెలైన్ వద్దన్నది అమ్మీయే. మిగిలిన నాలుగు రోజులూ దాన్ని జానిమాజ్ మీంచి ఎవరూ జరపలేదు, అమ్మీయే పక్కకు జరిగి నమాజు చేసుకుంది. పోయాక పెరట్లో సపోటా చెట్టు దగ్గర పాతిపెట్టాం. కుక్కలు తవ్వకుండా గొయ్యి మూడడుగుల లోతు ఉండాలి, పైన రాళ్ళు పేర్చాలి. బావికి, బోరుకు దూరంగా చూసుకోవాలి.