ఒక కవి, ఒక డాక్టరు

రోగికి జాతి ఉండదని, వైద్యం అందరికీ ఒకటేనని మనం నమ్ముతాం. కెనడా ఆదివాసుల చరిత్ర ఈ నమ్మకాన్ని నిలదీస్తుంది. ఆ చరిత్రలో ఒక కవి కూడా ఉన్నాడు. కనుక అది రచయితలు పరిశీలించవలసిన విషయమని నా అభిప్రాయం.

1907లో ప్రభుత్వ వైద్యాధికారి డాక్టర్ పీటర్ బ్రైస్ పశ్చిమ కెనడాలోని ఆదివాసీ వసతి పాఠశాలలను తనిఖీ చేశాడు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి, చర్చిల అజమాయిషీలో ఉంచిన బడులవి. వంటచెరకు పొదుపు కోసం చలికాలమంతా కిటికీలు మూసేవారు. క్షయ సోకినవారూ సోకనివారూ ఒకే గదిలో పడుకునేవారు. లెక్క దొరికిన 1,537 మంది విద్యార్థుల్లో దాదాపు నాలుగోవంతు చనిపోయారు. ఫైల్ హిల్స్ బడిలో చదివినవారిలో మృతులు 69 శాతం.

ఆదివాసుల శరీరతత్వమే బలహీనమని, వారు ఎలాగూ అంతరించే జాతి అని అప్పటి వాదన. గాలీ, తిండీ, చికిత్సా ఇస్తే ఈ చావులు ఆగుతాయని బ్రైస్ అన్నాడు. సమాజం చేసిన హానిని రక్తంలోని లోపంగా చూపించడమే వైద్యంలో జాత్యహంకారం.

1913 నుంచి 1932 దాకా ఆదివాసీ వ్యవహారాల శాఖను నడిపిన డంకన్ కాంప్‌బెల్ స్కాట్ పేరున్న కవి. ఆదివాసులను అస్తమిస్తున్న జాతిగా చిత్రిస్తూ కవితలు రాశాడు. 1920లో ఆ బడులకు పిల్లలను పంపడం తప్పనిసరి చేసే చట్ట సవరణ వెనక ఉన్నదీ ఆయనే. కవికీ అధికారికీ మధ్య ఇందులో వైరుధ్యం ఉందని కొందరంటారు. నాకు కనిపించదు. ఒక జాతి అంతరించడం విధి అనుకున్నవాడు శోకగీతం రాయగలడు గాని కిటికీ తెరిపించలేడు.

1921లో బ్రైస్‌ను బలవంతంగా పదవీ విరమణ చేయించారు. మరుసటి ఏడు ఆయన 'ఒక జాతీయ నేరం కథ' అనే అర్థం వచ్చే పేరుతో కరపత్రం అచ్చువేశాడు. క్షయ రోగులకు ఒక్క ఒట్టావా నగరం 1919లో 33 వేల డాలర్లకు పైగా ఖర్చు చేస్తే, దేశంలోని ఆదివాసులందరికీ కలిపి ఏటా ఇచ్చింది 10 వేలేనని అందులో చూపించాడు.

ఇది ముగిసిన కథ కాదు. 2020 సెప్టెంబరు 28న క్విబెక్‌లోని జోలియెట్ ఆసుపత్రిలో అటికమెక్ స్త్రీ జాయ్స్ ఎచక్వాన్ మరణించింది. అంతకు కొద్దిసేపటి ముందు సిబ్బంది తనను దూషించడాన్ని ఆమె ఫోన్‌లో ప్రత్యక్షంగా లోకానికి వినిపించింది. ఆ చావులో జాత్యహంకారం పాత్ర ఉందని 2021లో మరణ విచారణాధికారి తేల్చారు. కెనడా వైద్యుల సంఘం ఆదివాసులను క్షమాపణ కోరింది 2024లో, అంటే బ్రైస్ నివేదికకు 117 ఏళ్ల తర్వాత.

పీడితుల గురించి రాసే మనకు స్కాట్ జాలి సులభంగా అబ్బుతుంది. కష్టపడి నేర్చుకోవలసింది బ్రైస్ పద్ధతి: చావులను లెక్కపెట్టడం, కారకులెవరో చెప్పడం, దాని ఫలితాన్ని భరించడం.